ఇరవై ఏళ్ల ఇంటి లోన్‌ని పదిహేనేళ్ల లోపే తీర్చేయడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఈ ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు ఇల్లు కట్టుకునే తీరు దాదాపు ఒకటే. పెద్దలిచ్చిన జాగా, లేదంటే కష్టపడి కొన్న సైటు. కొంత దాచుకున్న డబ్బు, కొంత బంగారం, మిగతాది బ్యాంకు లోన్. గృహప్రవేశం అయిపోయాక నెలనెలా ఖాతాలోంచి ఈఎంఐ పోతూ ఉంటుంది. ఇక ఆ లోన్ సంగతి ఎవరూ ఎత్తరు. ఇరవై ఏళ్లు అలా గడిచిపోతాయి.

అలా గడవనివ్వకండి. మామూలు జీతం, చిన్న దుకాణం ఉన్న ఇంట్లో కూడా ఈ అప్పును ఐదారేళ్లు ముందే దించుకోవచ్చు. దానికి రెండు పనులు కావాలి. మొదటి ఏళ్లలోనే కాస్త ఎక్కువ కట్టాలి. ఆ కట్టింది అసలులో పడిందో లేదో కళ్లతో చూసుకోవాలి.

లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను: 20 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. ఈఎంఐ 17,356 రూపాయలు. మీ అంకెలు వేరేగా ఉన్నా లెక్క నడిచే తీరు ఇదే.

ముందు స్టేట్‌మెంట్ తెచ్చుకోండి

బ్రాంచికి వెళ్లి రెండు కాగితాలు అడగండి. ఒకటి లోన్ ఖాతా స్టేట్‌మెంట్, రెండోది మిగిలిన వాయిదాల పట్టిక. యాప్‌లో దొరికినా సరే, ప్రింటు తీయించి భార్యాభర్తలిద్దరూ ఒకచోట కూర్చుని చూడండి. ఇంట్లో ఒక్కరికే తెలిసిన లోన్ త్వరగా తీరదు.

పట్టికలో మొదటి వరస చూడండి. మీరు కట్టిన 17,356లో వడ్డీకి పోయింది 14,167. అసలులో తగ్గింది 3,189 మాత్రమే. రెండో నెల అసలులో తగ్గేది 3,212, అంటే పెరిగింది ఇరవై మూడు రూపాయలు. మొదటి ఏడాది మొత్తం మీద 2 లక్షల 8 వేలు కడితే అప్పు తగ్గేది 40 వేల లోపు. సగం అప్పు, అంటే పది లక్షలు తీరేసరికి పద్నాలుగో ఏడాది చివరికి వచ్చేస్తారు. ఇరవై ఏళ్లూ ఇలాగే కడితే వడ్డీ ఒక్కటే 21 లక్షల 65 వేలు అవుతుంది.

అదే కాగితంలో ఇంకో మూడు సంగతులు చూసి పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. వడ్డీ ఫ్లోటింగా (మారుతూ ఉండేది), ఫిక్స్‌డా (మారనిది)? ఫ్లోటింగ్ అయితే రెపో రేటుతో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) ముడిపడిందా, బ్యాంకు సొంత రేటుతో నడిచే పాత పద్ధతిలోనే ఉందా? ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయి?

మూడోది తప్పకుండా చూడండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. అప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు, గడువు పెరిగింది. 2018లో ఇరవై ఏళ్లకు తీసుకున్న లోన్‌కి ఇంకా ఇరవై ఏళ్లు మిగిలినట్టు కనిపిస్తే కారణం అదే. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పొడిగించాలా, రెండూ కొంత కొంతా అని ఎంచుకునే అవకాశం మీకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. ఆ ఎంపిక మీ హక్కు, అడిగి తీసుకోండి.

2019 అక్టోబరుకు ముందు తీసుకున్న లోన్ పాత పద్ధతిలోనే ఉంటే, రెపోతో ముడిపడిన రేటుకు మార్చమని అడగండి. మార్చడానికి ఏదైనా ఫీజు అడిగితే, తగ్గే వడ్డీతో పోల్చుకుని నిర్ణయించుకోండి.

ఏ అప్పు ముందు తీర్చాలి?

మనవాళ్లకు వడ్డీ అంటే నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని లెక్క. ఇంటి లోన్‌ని కూడా ఆ లెక్కలోకి తెచ్చి చూడండి. 8.5 శాతం అంటే నూటికి నెలకు డెబ్బై పైసలు. బజారులో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అంటే ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు బాకీ మూడు రూపాయలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే.

లక్ష రూపాయల చేబదులు మీద నెలకు రెండు వేలు పోతుంటే, అదే లక్ష మీద ఇంటి లోన్‌కి పోయేది 708. కాబట్టి ముందు రెండు రూపాయల అప్పు, కార్డు బాకీ, ప్రైవేటు బంగారం లోన్, బండి లోన్ తీర్చండి. ఇంటి లోన్ వంతు ఆ తర్వాతే. ఇంటి మీద భయంతో చాలామంది ఈ వరస తిరగేస్తారు. బ్యాంకుకు ముందస్తుగా యాభై వేలు కట్టి, పెళ్లికి తెచ్చిన చేబదులుకు వడ్డీ కడుతూనే ఉంటారు.

చీటీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటి లోన్ తీర్చడానికి చీటీని తొలి నెలల్లో పాడి ఎత్తకండి. పాటలో వదులుకునే సొమ్ము డెబ్బై పైసల వడ్డీ కంటే చాలా ఎక్కువ పడుతుంది. చివరి నెలల దాకా ఆగి ఎత్తిన డబ్బైతే నిక్షేపంగా లోన్‌కి కట్టొచ్చు. చీటీ నడిపేది రిజిస్టరైన సంస్థ అయితేనే ఇది వర్తిస్తుంది.

పీఎఫ్ ముట్టుకోకండి. 2024-25కు ఈపీఎఫ్ వడ్డీ 8.25 శాతం. దాన్ని తీసి 8.5 శాతం లోన్‌కి కడితే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, ముసలితనానికి దాచింది మాత్రం పోతుంది.

అక్టోబరు కోసం పక్కన పెట్టాల్సింది

ఉన్నదంతా తీసుకెళ్లి లోన్‌లో పోసేయాలని ఉత్సాహం వస్తుంది. మన ప్రాంతంలో అది పనికిరాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి, గంజాం జిల్లాలను ముంచింది. రేకులు ఎగిరిపోయి, దుకాణం తడిసిపోయి, పది రోజులు పని లేకపోయినా ఆ నెల ఈఎంఐ ఆగదు.

లోన్‌లో ఒకసారి పడిన డబ్బును బ్యాంకు వెనక్కి ఇవ్వదు. అందుకే ఇంటి ఖర్చూ ఈఎంఐ కలిపి కనీసం నాలుగు నెలలకు సరిపోయే సొమ్ము వేరే ఖాతాలో ఉంచండి. వ్యాపారం చేసేవాళ్లు ఆరు నెలలకు ఉంచుకోవాలి. మీ బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ రకం ఇంటి లోన్ ఉంటే ఆ సొమ్మును అందులోనే పెట్టొచ్చు. అక్కడున్నన్నాళ్లు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు.

ఇంటికి బీమా ఉందో లేదో కూడా చూడండి. భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీని 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్నాయి. అది తుపాను, వరద నష్టాలకు వర్తిస్తుంది. సంపాదించేవాళ్ల పేరు మీద లోన్ మొత్తానికి సరిపోయే టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) కూడా ఉండాలి. ఈ రెండూ లేకుండా ముందస్తు చెల్లింపులు మొదలుపెట్టొద్దని నా గట్టి మాట.

నెల ఖర్చులో రెండు వేలు ఎక్కడ దొరుకుతాయి?

మూడు నెలలు ఖర్చులు రాయండి. చిన్న నోటుబుక్కు చాలు. ఫోన్‌పేలో పోయిన ఇరవైలు, యాభైలు కూడా రాయాలి, ఎందుకంటే జ్ఞాపకం ఉండనివి అవే.

మనకు ఒక ప్రత్యేకమైన ఖర్చు ఉంది. సరిహద్దులో ఉన్నాం కాబట్టి రెండు వైపుల పండుగలూ మనవే. సంక్రాంతి, ఉగాది, వరలక్ష్మీవ్రతం చేస్తాం. రజ పండుగకు పిల్లలకు కొత్త బట్టలు కొంటాం, కుమార పూర్ణిమకు ఆడపిల్లలకు చేస్తాం, దసరా అందరితో కలిసి చేస్తాం. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రకు ఇంటి నిండా చుట్టాలు దిగుతారు. వీటిని మానుకోమని నేను చెప్పను, మానుకోవాల్సిన పని కూడా లేదు. కాకపోతే ఇవి ప్రతి ఏడాదీ వచ్చేవే, అనుకోని ఖర్చులు కావు. పోయిన ఏడాది పండుగలకు, పెళ్లి చదివింపులకు, విశాఖ ఆసుపత్రి ప్రయాణాలకు ఎంత అయిందో కూడి పన్నెండుతో భాగించండి. ఆ సొమ్మును నెలనెలా వేరే ఖాతాలో వేస్తూ రండి. అప్పుడు పండుగ నెలలో కార్డు గీకక్కర్లేదు, లోన్‌కి కట్టే అదనపు సొమ్మూ ఆగదు.

జీతం పడిన రెండో రోజే అదనపు సొమ్ము లోన్ ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. నెలాఖరుకు మిగిలింది కడదాం అనుకుంటే ఏ నెలా మిగలదు. మొదట వెయ్యితో మొదలుపెట్టినా ఫర్వాలేదు.

అదనంగా కట్టే మూడు దారులు

ఒకటి, నెలకు రెండు వేలు. 17,356కు బదులు 19,356 కడితే లోన్ 20 ఏళ్లకు కాకుండా 15 ఏళ్ల 7 నెలలకు తీరిపోతుంది. వడ్డీలో సుమారు 5 లక్షల 50 వేలు మిగులుతుంది.

రెండు, ఏడాదికి ఒక ఈఎంఐ ఎక్కువ. బోనస్ వచ్చే కార్మికులకు, ధాన్యం, జీడిపప్పు అమ్మకాలు ఉన్న కుటుంబాలకు ఇది సులువు. ప్రతి ఏడాదీ చివర్లో ఇంకో 17,356 కడితే 16 ఏళ్ల 8 నెలలకు పూర్తవుతుంది, 4 లక్షల దాకా మిగులుతుంది.

మూడు, ఏటా ఈఎంఐని 5 శాతం పెంచుకోవడం. ఉద్యోగులకు ఇంతకు మించిన దారి లేదని నా అభిప్రాయం. రెండో ఏడాది 18,224, మూడో ఏడాది 19,135, ఇలా పెరుగుతూ పోతే 12 ఏళ్లు దాటిన రెండు మూడు నెలల్లో అప్పు తీరిపోతుంది. పన్నెండో ఏడాదికి ఈఎంఐ 29,700 దగ్గరికి వస్తుందని భయపడకండి, అప్పటికి మీ జీతం కూడా ఇప్పుడున్నంతే ఉండదు. పిల్లల చదువు ఫీజులు మొదలైన ఏడాది పెంచకుండా ఆపుకోవచ్చు.

వీటికి తోడు జేబు తాకకుండా చేసే పని ఒకటుంది. వడ్డీ తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించుకోకండి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రెపో రేటు ఒక శాతం తగ్గింది. 20 లక్షల మీద 9.5 శాతానికి ఈఎంఐ 18,643, 8.5 శాతానికి 17,356. వడ్డీ తగ్గినా పాత 18,643నే కడుతూ పోతే 20 ఏళ్ల లోన్ 17 ఏళ్ల లోపే అయిపోతుంది. అలవాటైన మొత్తమే కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు.

ఇక ఒకేసారి కట్టే పెద్ద మొత్తం. పొలం అమ్మిన డబ్బో, ఎరియర్సో, మెచ్యూరైన పాలసీయో చేతికొచ్చిందనుకోండి. రెండేళ్లు కట్టాక ఒక లక్ష వేసి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించమంటే 24 వాయిదాలు ఎగిరిపోతాయి. అంటే లక్ష కట్టి, 4 లక్షల 20 వేలు కట్టాల్సిన పని తప్పించుకున్నారు. అదే లక్షను పదిహేనేళ్ల తర్వాత కడితే తగ్గేది ఎనిమిది తొమ్మిది వాయిదాలే. అందుకే పదవీ విరమణ డబ్బుతో తీర్చేద్దాంలే అని కూర్చోవద్దు. అప్పటికి వడ్డీలో చాలా భాగం కట్టేసి ఉంటారు.

కౌంటరు దగ్గర అడగాల్సిన మాట

ముందస్తుగా కట్టినప్పుడు బ్యాంకు రెండింటిలో ఒకటి చేస్తుంది. ఈఎంఐ తగ్గిస్తుంది, లేదా గడువు తగ్గిస్తుంది. పైన చెప్పిన లక్షకు ఈఎంఐ తగ్గించమంటే నెలకు 905 రూపాయలు తగ్గుతాయి. లోన్ అయిపోయేసరికి మొత్తం మీద మిగిలేది 95 వేలు. గడువు తగ్గించమంటే మిగిలేది 3 లక్షల 20 వేలు. అడిగే మాటలో ఉన్న తేడా ఇది.

కాబట్టి నోటితో చెప్పి వచ్చేయకండి. ఒక కాగితం మీద ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఈ అర్థం వచ్చేలా రాసివ్వండి:

"నా గృహ రుణ ఖాతాలో ఈరోజు జమ చేస్తున్న మొత్తాన్ని పాక్షిక ముందస్తు చెల్లింపుగా తీసుకుని పూర్తిగా అసలులో తగ్గించగలరు. ఈఎంఐ ఇప్పుడున్నంతే ఉంచి మిగిలిన గడువు తగ్గించి, కొత్త వాయిదాల పట్టిక ఇప్పించగలరు."

లోన్ ఖాతా నంబరు, తేదీ వేసి, రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. పది రోజుల తర్వాత స్టేట్‌మెంట్ తీసి అసలు అంతే తగ్గిందో లేదో చూడండి. కొన్నిసార్లు ఆ డబ్బు వచ్చే నెలల వాయిదాల కింద ముందస్తుగా నమోదై ఉంటుంది. అలా ఉంటే వెంటనే వెళ్లి సరిచేయించుకోవాలి.

ఫ్లోటింగ్ వడ్డీ మీద సొంతానికి తీసుకున్న ఇంటి లోన్‌ను ముందే కట్టినందుకు బ్యాంకు ఎలాంటి చార్జీ వసూలు చేయకూడదు. రిజర్వు బ్యాంకు ఈ నియమం 2012లోనే తెచ్చింది. ఫిక్స్‌డ్ వడ్డీ అయితే చార్జీ ఉండొచ్చు, ఒప్పందం కాగితం చూసుకోండి.

పై సంపాదన

ఖర్చు తగ్గించడానికి ఒక హద్దు ఉంది. దాని తర్వాత ఆదాయమే పెరగాలి. కట్టుకున్న ఇల్లే ముందు చూడండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, విశ్వవిద్యాలయం, ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ) ఉన్నాయి. గుణుపురంలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. మేడ మీద ఒక గది, బాత్రూమ్, విడిగా మెట్లు ఉంటే అద్దెకు ఇవ్వొచ్చు. అద్దె మీద పన్ను లెక్కలో 30 శాతం మినహాయింపు ఉంటుంది. ఆ అద్దె ఇంటి ఖర్చు ఖాతాలో కలవకుండా నేరుగా లోన్‌కి వెళ్లే ఏర్పాటు చేయండి. అయితే గది కట్టడానికి మళ్లీ అప్పు చేయాల్సి వస్తే ముందు లెక్క వేయండి. ఆ అప్పు మీద నెల వడ్డీ కంటే అద్దె బాగా ఎక్కువ వస్తేనే దిగండి.

ఇంట్లో చేసే పనుల్లో బరంపురం అప్పడాలకు, వడియాలకు, పచ్చళ్లకు ఇప్పటికే పేరుంది. విశాఖ, హైదరాబాద్‌లో స్థిరపడిన మనవాళ్లు అడిగి తెప్పించుకుంటారు. అమ్మకానికి చేసేవాళ్లు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్, పీకో వేయడం, సాయంత్రం ట్యూషన్లు ఎక్కడైనా నడుస్తాయి. ఒడియా, తెలుగు రెండూ చదవడం రాయడం బాగా వచ్చినవాళ్లు మన దగ్గర తగ్గిపోతున్నారు. భూమి కాగితాలు ఒక వైపు ఒడియాలో, మరో వైపు తెలుగులో ఉండే కుటుంబాలకు అవి చదివి, అనువదించి పెట్టే మనిషి కావాలి. చేతనైతే ఆ పనికి డబ్బు తీసుకోండి, మొహమాటపడకండి.

ఒడిశా ప్రభుత్వ సుభద్ర యోజన కింద అర్హులైన మహిళలకు ఏడాదికి పది వేలు రెండు విడతల్లో వస్తుంది. అది ఆవిడ డబ్బు. ఇంటి పత్రాల్లో ఆవిడ పేరు కూడా ఉంటే, ఆవిడే ఇష్టపడితే లోన్‌కి వేయండి, లేకపోతే ఆ ఊసే ఎత్తకండి.

పన్ను గురించి ఒక్క మాట. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. మినహాయింపు పోతుందని అప్పు ఉంచుకోవడంలో లాభం లేదు. లక్ష వడ్డీ కడితే పన్నులో తగ్గేది ముప్పై వేల చిల్లర, అది కూడా పెద్ద ఆదాయం ఉన్నవాళ్లకే.

చివరి వాయిదా కట్టిన రోజు

పూర్తిగా కట్టేసే ముందు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (లోన్ మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చూపే కాగితం) అడిగి, అందులో రాసిన తేదీకి రాసిన మొత్తం పైసలతో సహా కట్టండి. తర్వాత బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. ఇంటి అసలు పత్రాలు బ్యాంకు 30 రోజుల లోపు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయలు మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. పత్రాలు తీసుకునేటప్పుడు లోన్ ఇచ్చిన రోజు బ్యాంకు ఇచ్చిన జాబితా పక్కన పెట్టుకుని, సేల్ డీడ్, పట్టా, పన్ను రసీదులు, ప్లాను ఒక్కొక్కటే పేజీలతో సహా సరిచూసుకోండి. ఎల్‌ఐసీ పాలసీ తాకట్టు పెట్టి ఉంటే అది కూడా మీ పేరుకు తిరిగి మార్పించుకోండి.

తర్వాత ఖాతా మీద ఉన్న ఆటో డెబిట్ అనుమతి రద్దు చేయించాలి. తాకట్టు రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రారు దగ్గర విడుదల పత్రం రాయించాలి. ఇల్లు ఒడిశాలో ఉంటే ఇక్కడి ఆఫీసులో, పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో ఉంటే ఆంధ్ర వైపు ఆఫీసులో. నెల రెండు నెలలు ఆగి ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్టులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, ఇంటి మీద బ్యాంకు బాకీ ఏదీ కనిపించడం లేదని చూసుకుని, ఆ ఈసీని కూడా సేల్ డీడ్‌తో పాటు బీరువాలో పెట్టండి.